సోములమ్మ మింగేసిన మాట

సోములమ్మది అరకు లోయకు ఎగువనున్న ఒక గూడెం. తొంభైల్లో మలేరియా మాత్రలు పంచే పనిలో చేరి, ఆ గూడేనికి ఆరోగ్య కార్యకర్తగా స్థిరపడింది. కొండమీదివాళ్ళ ఆదివాసీ ఒడియా, కిందివాళ్ళ తెలుగు రెండూ ఆమెకు ఇంటి భాషలే. ఆమె ఇచ్చిన మాత్రను గూడెంలో ఎవరూ ఇదేమిటని అడగకుండా వేసుకునేవారు.

2003లో డాక్టర్ గణపతిరావు వైద్య విద్యార్థులను అక్కడికి తీసుకొచ్చాడు. ముసలివాళ్ళకు వైద్యం చేయడం వాళ్ళ మధ్య కూర్చుంటేగాని పట్టుబడదని ఆయన నమ్మకం. పిల్లలకు ఇక్కడి భాష రాదు. అందుకని రోగికీ విద్యార్థికీ మధ్య సోములమ్మ కూర్చుని మాట అందించేది.

అవి కాఫీ పళ్ళు కోసే రోజులు. వైద్యం కోసం వరసలో ఉన్నవాళ్ళంతా తోటలకు పోవాలని తొందరపడుతున్నారు. బుధు వంతు వచ్చింది. కొండవాలులో సామలూ, చోళ్ళనే రాగులూ పండించుకునే ముసలాయన. మోకాళ్ళు నొప్పులని, సంతలో మాత్రలు కొనుక్కుని మింగుతున్నానని మొదలుపెట్టాడు. కడుపులో మంటగా ఉంటోందట. ఈమధ్య దొడ్డికి వెళితే తారులా నల్లగా పోతోందట, ఎత్తు ఎక్కుతుంటే కళ్ళు తిరుగుతున్నాయట.

ఎదురుగా కూర్చున్న విద్యార్థి గోపి మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు. వెనక ఆడపిల్లలు నిలబడి వింటున్నారు. ఆ దొడ్డి మాట వాళ్ళముందు నోటికి రాలేదు సోములమ్మకి.

"మోకాళ్ళు నొప్పులంట బాబూ. నీరసంగా ఉంటాదంట," అంది.

"అంతసేపు చెప్పాడు కదక్కా, ఇంకేమీ లేదా?" అన్నాడు గోపి.

"ఏటీ నేదు. ముసిలోలు సెప్పిందే సెప్తారు."

గోపి నొప్పుల మాత్రలు రాశాడు. వాటిని బుధు చేతిలో పెట్టి, ఎలా వేసుకోవాలో చెప్పింది సోములమ్మే.

వారం తిరక్కుండానే బుధు పొలం దారిలో నెత్తురు కక్కుకుని పడిపోయాడు. డోలీ కట్టి రోడ్డుదాకా మోశారు, అక్కణ్ణించి జీపులో పెద్దాసుపత్రికి చేర్చారు. నెత్తురెక్కించాక ప్రాణం నిలబడింది.

గణపతిరావు విద్యార్థులను ఆ మంచం దగ్గరికే పిలిపించాడు. "కడుపులో పుండున్న మనిషికి నొప్పుల మాత్రలు ఇచ్చాం. పుండు నెత్తురు కారితే దొడ్డికి నల్లగా పోతుంది. ముందు అడగాల్సింది ఏమిటి?" అన్నాడు.

గోపి తల దించుకున్నాడు. "నేనే సరిగ్గా అడిగుండను సార్."

డోలీ వెంట వచ్చిన సోములమ్మ ఆ పక్కనే నిలబడి ఉంది. నోరు తెరిచి ఒక్క మాటంటే సరిపోయేది. ఉద్యోగం గుర్తొచ్చింది, గూడెంలో తన పరువు గుర్తొచ్చింది. కుర్రాడు కళ్ళు తుడుచుకుంటూ బయటికి పోతుంటే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు డాక్టరు గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆయన కోప్పడలేదు. "ఒక్కొక్కరినీ బేగి చూసి పంపెయ్యమని పిల్లల్ని తొందరపెట్టింది నేను. నా పాలూ ఉంది ఇందులో. కానీ గోపికి ఈ సంగతి నువ్వే చెప్పాలి," అన్నాడు.

గోపి అంతా విన్నాడు. "నిన్న ఎందుకు చెప్పలేదక్కా?" అని మాత్రం అడిగాడు.

ఇక బుధు మిగిలాడు. మంచం పక్కన చతికిలబడి, "తాతా, ఆరోజు నువ్వు చెప్పినదంతా నేను చెప్పలేదు," అంది వాళ్ళ భాషలో.

"తెలుసు," అన్నాడు బుధు. "నేను అంత పొడుగు చెప్పాను, నువ్వు ఇంత చెప్పావు. తెలుగు రాకపోతే మాత్రం, పొడుగూ పొట్టీ తెలీదా?"

"మరి ఆ మాత్రలు ఎందుకు మింగావు?"

"నువ్విచ్చావు కదా."

తిట్టినా బాగుండేది అనుకుంది సోములమ్మ. ఆయన గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

ఇక మాట అందించే పని తనవల్ల కాదని డాక్టరుతో అంది. ఆయన ఒప్పుకోలేదు. మరుసటి ఏడు నుంచి పద్ధతి మార్చాడు. వరసలు ఎత్తేశాడు. ఒక్కో విద్యార్థి ఒక్కో ముసలిమనిషి ఇంటికి వెళ్ళి, పూటంతా కూర్చోవాలి. వాళ్ళు మింగే మాత్రలన్నీ, సంతలోవైనా సరే, బయటికి తీయించి చూడాలి. సోములమ్మ ఉచ్చ, దొడ్డి, ఏ మాటనీ దాటేయకుండా చెప్పేది. చెబుతున్నప్పుడు అప్పటికీ చెవులు వేడెక్కేవి. బయటికి వచ్చాక ఏదైనా వదిలేశానేమోనని మళ్ళీ వెనక్కి వెళ్ళి అడిగేది. ఏళ్ళు గడిచినా ఆ అనుమానం వదల్లేదు.

చదువైపోయి వెళ్ళే పిల్లలు ఒకసారి ఆమెకు శాలువా కప్పుదామన్నారు. ఆరోజు ఒంట్లో బాగోలేదని కబురు పంపింది.

బుధు ఇంకో మూడేళ్ళు బతికాడు. ఆ జబ్బు మళ్ళీ రాలేదు. కానీ కొండవాలు ఎక్కే సత్తువ తిరిగి రాలేదు. వాకిట్లో ఎండకు కూర్చుని పైనున్న తన పొలంకేసి చూసేవాడు. కోడలు యర్రమ్మ ఒక్కతే సేద్యం మోసింది. ఏటా చోళ్ళ కోతకు సోములమ్మ కొడవలి పట్టుకుని పైకి వెళ్ళేది. ఎవరూ పిలవలేదు. మొదటి ఏడు యర్రమ్మ, "నీకు పని నేదేటి?" అంది. తర్వాత అడగడం మానేసి, అంబలి ఇద్దరికీ తెచ్చేది.