హిమాయత్‌నగర్ మలుపులో బెంచీ

మా ఆవిడ పోయాక మా ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది ఫ్రిజ్జే. కాసేపు గురగురమంటుంది, నేనేమైనా అంటానేమోనని ఆగుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. మర్యాద తెలిసిన ఫ్రిజ్జు. అందుకే మొయినాబాద్ దగ్గరున్న మా హిమాయత్‌నగర్‌లో లివింగ్ ల్యాబ్ మీటింగు ఉందని మైకులో పిలవగానే అందరికంటే ముందు వెళ్లి షామియానా కింద కూర్చున్నాను. కుర్చీలు సర్దేవాళ్లు నన్ను కూడా కుర్చీతో పాటే ఎత్తబోయారు.

ఒక ఇంజినీరు అమ్మాయి వివరించింది. ల్యాబంటే గాజు సీసాలు కావట, మన వీధేనట. ఏం కావాలో మనం చెబితే వాళ్లు చేసి పెడతారు. జనం వాడితే ఉంచుతారు, వాడకపోతే తీసుకుపోతారు. అందరూ మోరీల గురించి, లైట్ల గురించి, కుక్కల గురించి చెప్పారు. నా వంతు వచ్చింది.

"షేర్ ఆటోలు ఆగే కాడ ఒక బెంచీ వెయ్యండి మేడమ్. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కూసునేటట్టు."

పక్కపక్కన అన్న మాట కొంచెం గట్టిగా అన్నట్టున్నాను. ఆ అమ్మాయి నా వైపు ఒక క్షణం ఎక్కువే చూసింది.

చేవెళ్ల రోడ్డు మలుపులో బెంచీ వెలిసింది. పైన రేకుల నీడ, కింద, ఎవరైనా కూర్చుంటే కనిపెట్టి లెక్క రాసే డబ్బా. సింహాసనాలకు కూడా అంత ప్రారంభోత్సవం జరిగి ఉండదు. పొద్దున చాయ్ తాగి వెళ్లి, వీధిలైట్లు వెలిగేదాకా నేను అక్కడే. పక్కన కూర్చునేవాళ్లకు ఇద్దామని పల్లీల పొట్లం కూడా పట్టుకెళ్లేవాణ్ని. ఎవరూ కూర్చోలేదు. నేనొక్కణ్నే తిన్న ఆ పల్లీలతో ఒక నూనె మిల్లు నడపొచ్చు.

ఆకుకూరల గంపల వాళ్లు, కూలికి పోయేవాళ్లు, కాలేజీ పిల్లలు, అందరూ రోడ్డు అంచున ఎండలో నిలబడి ఆటోలకు చెయ్యి చాపేవాళ్లు. నాకేదో అంటురోగం ఉందనుకుంటున్నారేమోనని ఒకరోజు సెంటు కొట్టుకుని వెళ్లాను. అదే రోజు ఇంజినీరు అమ్మాయి వచ్చింది.

"సార్, డబ్బాల చూస్తే బెంచీ రోజంతా ఫుల్ యూజ్‌లో ఉన్నది. కానీ నేనెప్పుడొచ్చినా మీరొక్కరే ఉంటున్నరు. నెక్స్ట్ వీక్ కూడా గిట్లనే ఉంటే తీసేస్తం."

వెంటనే వచ్చిన ఆటోకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాను.

"అన్నా, జనం బెంచీ మీద ఎందుకు కూసుంటలేరు?"

"కూసుంటె మేం ఆపం గద, సార్."

"ఎందుకాపరు?"

"మీరే నేర్పిన్రు. మొదట్ల మిమ్ముల జూసి రోజు ఆపిన. మీరు ఎక్కకపోతిరి. మంచిగున్నవా అని అడిగి పంపిస్తిరి. బెంచీ మీదోళ్లు ఎక్కెటోళ్లు కాదని ఆటోలోళ్లందరం అనుకున్నం."

లోపల కూర్చున్న అవ్వ ఒకామె, "ఆయనకు ఇల్లు లేదా బిడ్డా?" అని అడిగింది.

"ఇల్లు ఉన్నదవ్వా. ఇల్లే ఉన్నది," అన్నాడు డ్రైవరు.

బెంచీని నిలబెట్టుకోవాలంటే నేను ఆటో ఎక్కే మనిషిని కావాలి. మర్నాటి నుంచి బెంచీ మీద కూర్చుని, ఏ ఆటో ఆగినా ఎక్కేశాను. మొయినాబాద్ దాకా వెళ్లడం, వెనక్కి రావడం, మళ్లీ కూర్చోవడం. ఒకసారి నిద్రపోయి చేవెళ్లలో తేలాను. మోకాళ్ల మీద ఎవరిదో టమాటాల గంప, భుజం మీద ఎవరిదో తూగే తల. ఎక్కిన ప్రతివాళ్లూ "జర జరుగన్నా" అన్నారు. అన్ని గొంతులు నాతో మాట్లాడి చాలా కాలమైంది. జరగడానికి చోటు లేకపోయినా జరిగాను.

ఆటోలు మళ్లీ బెంచీ దగ్గర ఆగడం మొదలైంది. అది చూసి జనం కూర్చోవడం మొదలైంది. బెంచీ ఉంచేస్తున్నామని ఆ అమ్మాయి ఫోను చేసింది. కొత్త పల్లీల పొట్లం కొనుక్కుని వెళ్లాను.

బెంచీ నిండా మనుషులు. చివరన ఆనాటి అవ్వే.

"జాగ లేదు బిడ్డా. జర నీడకు నిల్సో," అంది. పొట్లం చాపితే గుప్పెడు పల్లీలు తీసుకుంది. ఇంకో మాట అనబోయేలోపు ఆటో వచ్చింది. బెంచీ మీద ఉన్నవాళ్లంతా అందులో సర్దుకున్నారు.

"ఎక్కుతరా సార్?" అన్నాడు డ్రైవరు. ఇక చోటు లేదని ఇద్దరికీ తెలుసు. వెళ్లమని చెయ్యి ఊపాను.

బెంచీ మొత్తం ఖాళీ. కూర్చుంటే తర్వాతి ఆటో నా కోసం ఆగుతుంది. నాకు వెళ్లాల్సిన ఊరేమీ లేదు. రేకు నీడ అంచున నిలబడి మిగిలిన పల్లీలు తిన్నాను.