మెడ కొలత

దర్జీ తాతయ్యకు మెడలో టేపు లేకపోతే ఒంటి మీద చొక్కా లేనట్టే. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు థైరాయిడ్ తేడా చేయొచ్చని, మెడ వాస్తే తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి, రోజూ పొద్దున్నే మనవరాలి మెడ కొలవనిదే ఆయన కుట్టుమిషను ముట్టుకోడు. థైరాయిడ్‌కి సెలీనియం మంచిదని ఎవరో అంటే ఆ బిళ్లలూ కొన్నాడు గానీ, ఇచ్చే ధైర్యం చాలక జేబులోనే మోస్తున్నాడు. ఇవాళ మెడ అరంగుళం పెరిగింది. పిల్ల చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు.

"ఏదీ, ఎలా కొలిచారో చూపించండి," అంది డాక్టరమ్మ. తాతయ్య టేపు చుట్టాడు.

"తాతా, నీ వేలు," అంది మనవరాలు.

కాలరు బిగుసుకోకుండా టేపు లోపల వేలు పెట్టి కొలవడం దర్జీల అలవాటు. వారంగా చొక్కాలే కొలిచిన చెయ్యి, ఇవాళ మనవరాలి మెడను కూడా కాలరే అనుకుంది.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "మెడ బాగానే ఉంది. థైరాయిడ్ సంగతి చెప్పాల్సింది రక్తపరీక్ష, మీ టేపు కాదు. సెలీనియం ఎక్కువైతే అదో తంటా. మీ జేబులోంచి కనిపిస్తున్న ఆ బిళ్లలు ఇటివ్వండి."

ఇంటికొచ్చాక మనవరాలు తాతయ్యను స్టూలు మీద కూర్చోబెట్టి, ఆయన మెడకు టేపు చుట్టి, లోపల నాలుగు వేళ్లూ దూర్చింది.

"నీకే బాగా వాచింది తాతా," అంది గంభీరంగా. "పద, డాక్టరమ్మ దగ్గరికి."