ఫొటో కింద పేరు

మనిషి పేరు పెద్ద అక్షరంతో మొదలవ్వాలి. ఒకటో తరగతి పిల్లలకు ఇంగ్లీషులో నేను చెప్పే మొదటి నియమం ఇదే. తెలుగులో ఈ బాధ లేదు కాబట్టి పిల్లలు తరచూ మరిచిపోతారు. నేను వదలను. ఎర్ర సిరాతో సున్నా చుట్టి పదిసార్లు రాయిస్తాను.

అప్పుడు గణపవరం దగ్గర ఒక స్కూల్లో పనిచేసేదాన్ని. వార్షికోత్సవానికి ఇంగ్లీషులో సంచిక వేస్తున్నారు. గూడెం టౌనులోని ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫు దిద్దే పని నా మీద పడింది. స్టాఫ్ ఫొటో కింద స్కూలు నడిపే కరస్పాండెంటు గారి పేరు, హోదా, డిగ్రీలు, అన్నీ పెద్ద అక్షరాలే. వారి బావమరిది గారికీ అంతే. ఆయన స్కూలుకు ఏం చేసేవారో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత మా టీచర్ల పేర్లు. వరస చివర నిలబడ్డ ఆవిడకు మాత్రం చిన్న అక్షరాల్లో 'ఆయా' అని వేసి ఊరుకున్నారు.

ఒళ్లు మండిపోయింది. ప్రూఫు పట్టుకుని ఆఫీసు రూముకు వెళ్లాను.

"ఏవండీ, ఆవిడకి పేరు లేదాండీ?"

కరస్పాండెంటు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఎందుకుండదు మేడమ్? చెప్పండి, వేయిద్దాం. ఏం పేరు?"

పదకొండేళ్లుగా నా క్లాసు ఊడుస్తున్న మనిషి. జ్వరమొచ్చిన పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకునేది. కొల్లేటి పక్క ఊరి నుంచి ఆటోలో వస్తుందని తెలుసు, మోకాలు నొప్పని తెలుసు. పేరే తెలియదు. హాజరు పుస్తకంలోనూ ఆయా అనే ఉండేది. అందరిలాగే నేనూ ఆయమ్మా అని కేకేసి పని చేయించుకున్నాను.

"చూశారాండీ, అందరికీ తెలిసిన మాటే వేశాం," అన్నారాయన మెత్తగా.

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కోపం మాత్రం తగ్గలేదు, రెట్టింపయింది.

ఆవిడ కుళాయి దగ్గర గ్లాసులు కడుగుతోంది. పేరు అడిగితే కంగారుపడిపోయింది. "నా పేరెందుకండీ టీచరు గారూ? ఏం తప్పు చేశానండీ?" ఫొటో కిందకని చెప్పాక చేతులు కొంగుకు తుడుచుకుని, పేరు చెప్పింది. "మొదట పెద్దక్షరమే కదండీ? మీ గుమ్మం ఊడుస్తా విన్నానండీ."

తిరిగి వెళ్లాను. ఇంకో పేరు పట్టదండీ, లైను నిండిపోయింది అన్నారు.

"అయితే నాది తీసేయండి. పడుతుంది."

"మేడమ్, ఒకసారి ఆలోచించుకోండి."

ఆయన అన్నది నా ఉద్యోగం గురించేనని అర్థమైంది. ఆలోచించుకోలేదు. ఆయన ముందే ఎర్ర కలంతో నా పేరు కొట్టేసి, వరస చివర ఆవిడ పేరు రాశాను. ప్రూఫు అక్కడ వదిలితే ఏమవుతుందో తెలుసు కనుక, సాయంత్రం బస్సెక్కి గూడెం వెళ్లి ప్రెస్సులో నేనే ఇచ్చాను.

వేసవి సెలవుల తర్వాత నన్ను మళ్లీ రమ్మనలేదు. నేనూ వెళ్లి బతిమాలలేదు. ఇప్పుడు ఏలూరులో ఇంకో స్కూల్లో అదే నియమం చెబుతున్నాను. మొదటి రోజే ఆయా పేరు అడిగి, బోర్డు మీద రాసి మొదలుపెట్టాను.

పాత స్కూల్లో ఆ సంచిక చేతికొచ్చిన రోజు ఆవిడ తన పేరు మీద వేలు పెట్టి చాలాసేపు చూసుకుంది. తర్వాత ఆ వేలు వరసంతా నడిపించింది.

"మీదేదండీ?"

లేదని చెప్పాను.

"అయ్యో," అని, నా వైపు తిరిగి అడిగింది. "అసలు మీ పేరేంటండీ టీచరు గారూ?"