యాభై ఒక్క కిలోల ఇసుక

2019 జనవరి 20, ఆదివారం. ఉదయం ఏడుంబావు నుంచి ఎనిమిదీ నలభై దాకా, కొల్లాపూర్ దిక్కున కృష్ణ ఒడ్డున మా తమ్ముడి పడవకు ముప్పై ఒక్క ఫొటోలు తీశాను. ఏది ఎన్నింటికి తీశానో నోటుపుస్తకంలో ఉంది.

తమ్ముడు పోయి అప్పటికి నాలుగేళ్లు. అతను చేయించుకున్న పడవను బొమ్మ గీయించి, నల్లగొండలో మా ముందుగదిలో పెట్టుకోవాలనుకున్నాను. ఆ పడవ మీద చేపలు పట్టి బతుకుతున్నది అతని భార్య, నా మరదలు. చిత్రకారుడు ఫోనులో చెప్పినవన్నీ రాసుకున్నాను. ఎండ పక్కనుంచి పడాలి. ఫోను నీటికి దగ్గరగా పట్టుకోవాలి. జూమ్ చేయకూడదు, రెండు కొనలూ తెగకూడదు. ఖాళీ పడవ నీటి మీద పైకి తేలి ఉంటుంది కాబట్టి రోజూ ఉండే బరువుతోనే తీయాలి.

మరదలు కొత్త చీర కట్టుకొచ్చి, వెనక చెక్క మీద తెడ్డు పట్టుకుని కూర్చుంది. బొమ్మలో తను ఉంటాననుకుంటోందని చూడగానే తెలిసింది. రెండు ఫొటోలు తీసి, చెరిపేశాను. ముప్పై ఒకటిలో అవి లేవు.

"దిగు పిల్లా, అడ్డమొస్తున్నవ్" అన్నాను.

"నేను దిగితే పడవ లేస్తది గదా వదినా."

దానికీ నా దగ్గర లెక్క ఉంది. కిందటి నెల దవాఖానలో ఆమె బరువు యాభై ఒకటి. చేపలు తూచే కాటాకు ఇసుక సంచులు తగిలించి తూచాను. ఒక్కోటి పదిహేడు కిలోలు, మూడు సంచులు. వాటిని నింపింది ఆమే. కుచ్చిళ్లు పైకి దోపుకుని తనే మోసి, తను కూర్చునే చెక్క కింద, బయటికి కనపడకుండా సర్దింది. తర్వాత మోకాటిలోతు నీళ్లలో, ఫొటోలో పడకుండా, తాడు పట్టుకుని నిలబడింది.

ఏప్రిల్‌లో బొమ్మ వచ్చింది. మే నెలలో కళ్లు చూపించుకోవడానికి మరదలు నల్లగొండ వచ్చింది. బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, పడవ అంచు నీటిని తాకేచోట వేలు తాకించకుండా నడిపింది.

"మంచిగ గీసిండు. నేను కూసున్నంత మునిగింది" అంది. వేలు వెనక చెక్క దగ్గర ఆపి, "మరి నేనేది వదినా?" అంది.

మనిషి ఉంటే పడవ కదులుతుందని ఏదో చెప్పాను. అది సగమే నిజం. తమ్ముడు లేని పడవలో ఇంకొకరు కనిపించడం నాకు ఇష్టం లేకపోయింది. ఇరవై ఆరేళ్లు అతని పక్కన వల లాగిన మనిషిని ఇంకొకరు అనుకున్నాను.

ఆమె వెళ్లాక చిత్రకారుడికి ఫోను చేశాను. కూర్చున్న ఫొటో పంపిస్తే ఆమెను కలుపుతానన్నాడు. శనివారమే కొల్లాపూర్ వెళ్లి ఉండి, ఆదివారం ఏడు కాకముందే ఒడ్డుకు చేరాను. మరదలు పాత చీరలో వలలు సర్దుతోంది. ఒక్క ఐదు నిమిషాలు కూర్చోమని అడిగాను. ఆమెకు కోపం లేదు. ఉంటే బాగుండేది.

"పనున్నది వదినా. ఎవరో ఒకరు కూసున్నట్టు గియ్యమను. బరువైతే సరిపోయింది గదా."

పడవను నీళ్లలోకి నెట్టి, ఎక్కి తన చోట కూర్చుంది. ఎండ పక్కనుంచి పడుతోంది. రెండు కొనలూ కనపడుతున్నాయి. ఫోను నా చేతిలోనే ఉంది. ఆగమనడానికి నోరు రాలేదు, అడగకుండా తీయడానికి చెయ్యి రాలేదు. ఆమె మలుపు దాటేదాకా చూసి, బస్సుకు వెళ్లాను.