మేనమామ పోలిక

"నిజం చెప్పు బావా, ఎవత్తి దగ్గర అంటించుకున్నావ్?"

ఆస్పత్రి వరండాలో, నలుగురూ వింటుండగా బావమరిది అడిగేశాడు. మొక్కల నర్సరీలో పనిచేసే బావ దగ్గుతూ గోడకి ఆనుకున్నాడు. నిరుడు కాలేయంలో చీముగడ్డ, ఇప్పుడు ఊపిరితిత్తుల్లో బూజు. పెద్ద డాక్టరు "రోగనిరోధక శక్తి లేదు" అన్నాక ఇంటిల్లిపాదికీ మిగతా మాటలు వినపడలేదు. దానికి వాళ్ళకి తెలిసిన అర్థం ఒక్కటే.

ఎయిడ్స్ లేదని పరీక్షలో తేలింది. "కాగితాలదేముంది, రాయించుకుంటే వస్తాయి" అంది భార్య. కంచం వేరు చేసింది, అతని మంచం వసారాలో వేసింది, కొడుకుని తీసుకుని అన్న దగ్గరికి పోతానంది. పోతే మళ్ళీ రాదని అతనికి తెలుసు. జబ్బు మనుషుల్ని దగ్గర చేస్తుందనేవాళ్ళు ఆ ఇంట్లో ఒక్క పూట ఉండి చూడాల్సింది.

ఇంకో రక్తపరీక్ష అయ్యాక డాక్టరమ్మ అందర్నీ కూర్చోబెట్టింది.

"ఈయన తెల్లకణాలు క్రిమిని మింగుతాయి, చంపలేవు. పుట్టుకతో వచ్చిందే. తేలికరకం కాబట్టి ఇన్నాళ్ళూ దాగింది. నర్సరీలో కుళ్ళిన ఆకు తిరగేస్తారుగా, ఆ బూజే లోపలికెళ్ళింది."

"మా వంశంలో ఎవరికీ లేదమ్మా" అంది అతని తల్లి.

"మీ అన్నదమ్ముల్లో చిన్నవయసులో పోయినవాళ్ళున్నారా?"

తల్లి సంచి జిప్పు లాగింది, మూసింది. "తమ్ముడొకడు. ఒళ్ళంతా గడ్డలొచ్చి పోయాడు. చెడు తిరుగుళ్ళ వల్లే అనుకున్నాం."

చిన్నప్పుడు అతన్ని చూసినవాళ్ళంతా అచ్చం మేనమామ పోలికని మురిసిపోయేవారు. వాళ్ళు చూసింది ముక్కు.

"మరి మావాడికి?" అంది భార్య.

"ఈ జబ్బు తల్లి నుంచి కొడుక్కొస్తుంది. తండ్రి నుంచి కొడుక్కి రాదు."

ఆ సాయంత్రమే వసారాలోని మంచం తిరిగి గదిలోకి వచ్చింది. అనుమానం మాత్రం ఇల్లు వదల్లేదు, మంచం మారిందంతే.

"మీ అమ్మకి ముందే తెలుసు. తెలిసే ఈ సంబంధం నాకు అంటగట్టింది."

"తెలిస్తే నాకు చెప్పదా?"

"మీ మామ గడ్డలతో పోయాడని ఎప్పుడైనా చెప్పిందా?"

అతను మాత్ర మింగాడు. ఇక బతికినన్నాళ్ళూ మాత్రలే. ఎరువు కుప్ప దగ్గరికి వెళ్ళకూడదు. అంటురోగం ఉన్నవాణ్ణి పెట్టుకోనని యజమాని అప్పటికే మాన్పించేశాడు. భార్య నర్సరీకి వెళ్ళి గేటు దగ్గరే గొంతెత్తింది: "మా ఆయనది అంటేది కాదు! చేయించుకున్న పనికి డబ్బులివ్వండి!"

రెండు నెలల జీతం ఇంకా రావాలి.