పిడిలో చప్పుడు

మా పక్కింటి పెద్దమ్మ వాళ్ల కత్తిని నేను ఏటా దసరానాడు చూసేదాన్ని. చూసేదాన్ని అంటున్నాను గానీ, కనిపించేది పసుపూ కుంకుమే. వాళ్లది ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం చేసే కుటుంబం. తరతరాలుగా ఆ కత్తికి ఆయుధపూజ చేస్తున్నారు. ఒక ఏడాది బొట్ల మీద మరో ఏడాది బొట్లు, వాటి మీద నూనె, నూనెకు అంటిన దుమ్ము, అన్నీ కలిసి పెచ్చుకట్టాయి. మేము క్రైస్తవులం. పూజకు వెళ్లం. అది తెలిసే పెద్దమ్మ మాకోసం ముందుగానే వేరే గిన్నెలో పులిహోర తీసిపెట్టేది. గిన్నె తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు కాసేపు కూర్చుని ఆ కత్తినే చూస్తుండేదాన్ని.

ఒకసారి పెద్దమ్మ దాన్ని పీట మీద నుంచి ఎత్తి బీరువాలో పెడుతుంటే పిడిలో ఏదో కదిలింది. ఎండిన కాయలో గింజ కదిలినట్టు చిన్న చప్పుడు.

"లోపల ఏమున్నది పెద్దమ్మా?"

"మా అత్తేమో రతనం అనేది బిడ్డా. మా మామేమో మంత్రం రాసిన రాగిరేకు అన్నడు. ఎవరు సూసిన్రు?"

ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే నా ఉద్యోగమే అది. సుబేదారిలో ఒక ఎముకల దవాఖానలో ఎక్స్‌రే తీస్తాను. కొయ్యకుండా లోపలేముందో చూడటం నా రోజువారీ పని. అయినా ఒక ఇంటి పూజావస్తువును మా మిషన్ కింద పెడతానని నేనెలా అడుగుతాను? ఊరుకున్నాను.

చివరికి అడిగింది పెద్దమ్మే. వాళ్ల అబ్బాయి హాలులో కొత్త షోకేసు చేయించాడు. కత్తిని అందులో పెట్టాలని, ముందు బఫింగ్ మిషన్ మీద పట్టించి తళతళలాడించాలని అతని ఆలోచన. నన్ను పిలిచి ఆమె గొంతు తగ్గించి అన్నది:

"వాడు మిషన్ల పెడ్తా అంటాండు. లోపలిది పలిగిపోతే ఎట్ల? నువ్వు మనుషుల బొక్కలు సూస్తవు గదా, గిది జర సూడరాదు?"

మా డాక్టరు సారును అడిగితే ఆయన నవ్వలేదు. "ఆదివారం మధ్యాహ్నం తెండి, ఓపీ ఉండదు. నేనూ వస్తా," అన్నాడు.

ఆదివారం నేను చర్చి నుంచి వచ్చి అన్నం తిని బయల్దేరాను. అబ్బాయి కత్తిని దుప్పట్లో చుట్టి కారు వెనక సీట్లో పెట్టాడు. పక్కన పెద్దమ్మ, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒక చెయ్యి దాని మీద వేసి కూర్చుంది. ఎక్స్‌రే గదిలో బల్ల మీద పెట్టబోతుంటే "ఆగు బిడ్డా" అని తన కొంగు పరిచింది. కొంగు మీద పెట్టి తీస్తే తనూ బల్లను అంటుకునే ఉండాల్సొస్తుందని చెప్పి, ఉతికిన తెల్లగుడ్డ పరిచాను. ఒప్పుకుంది.

ఇనుముకు ఎక్స్‌రే పవరు ఎంత పెట్టాలో నాకెవరూ నేర్పలేదు. భారీ మనిషి నడుముకు పెట్టేదానికంటే ఎక్కువ పెట్టి తీశాను. కంప్యూటర్ తెర మీద అంతా తెల్లటి ముద్ద. ఇంకా పెంచాను. అప్పుడు పిడి లోపలి భాగం విడిపడి కనిపించింది.

పిడి డొల్లగా ఉంది. కత్తి వెనకభాగం సన్నటి తోకలా సాగి అందులోకి దిగింది. దాని చుట్టూ నల్లటి నీడ. ఆ నీడలో ఒక మూల నుంచి చిన్న గడ్డ ఊడిపోయి, అడుగున గిన్నెలాంటి చోట పడి ఉంది. రత్నం కాదు, రాగిరేకూ కాదు. రాగి అయితే తెల్లగా రావాలి. లక్క కరిగించి పోసి, అందులో కత్తి తోకను గుచ్చి బిగించారన్నమాట. ఎండి పగిలిన ఆ లక్కముక్కే ఇన్నేళ్లుగా చప్పుడు చేస్తోంది.

అబ్బాయి ముఖం చిన్నబోయింది. "గంతేనా అక్కా?"

"గంతే కనిపిస్తున్నది తమ్మీ."

అయితే సారు తెర వదల్లేదు. పిడికి కాస్త ముందున్న చోటును పెద్దది చేయమన్నాడు. అక్కడ కత్తికి రెండువైపులా ఒక ఇనుప పట్టీ, దాని వెంట వరసగా రివిట్లు. పెచ్చు కింద ఉండటంతో పట్టీ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. పట్టీ కింద అడ్డంగా ఒక నల్లటి గీత.

"ఇది ఫ్రాక్చర్ కదమ్మా," అన్నాడు సారు. "విరిగిన చోట అటూ ఇటూ ప్లేటు పెట్టి బిగించారు. తొడ ఎముకకు మేం చేసేది ఇదే."

పెద్దమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏ యుద్ధంలోనూ విరగని కత్తి అని వాళ్లింట్లో చెప్పుకునేవారు. తర్వాత తనే అన్నది, "ఇరిగినా పారెయ్యలె సూడు."

నేను మాత్రం ఇంకోటి చూస్తున్నాను. కత్తి పొడవునా బూడిదరంగు ఇనుము మీద సన్నటి తెల్లగీతలు. వంకీలు తిరిగిన తీగ, దానికి చిన్న చిన్న ఆకులు. ముందు మా ఎక్స్‌రే ప్లేటు మీద గీతలనుకుని గుడ్డతో తుడిచి మళ్లీ తీశాను. అవే ఆకులు. ఇనుముకన్నా బరువైన లోహం, బహుశా వెండి. పెచ్చు కింద ఒక తోట ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ రోజే బఫింగ్ మాట ఆగిపోయింది. అబ్బాయే అన్నాడు, "మిషన్ల పెడ్తే ఇవన్ని పోతుండె గదా."

సారుకు తెలిసిన, పాత లోహవస్తువులు బాగుచేసే ఒకాయనకు ఫొటోలు పంపాం. ఆయన ఫోనులో నీళ్లొద్దు, చింతపండు వద్దు, కొద్దిగా నూనె, మెత్తటి బ్రష్షు, వెదురుపుల్ల చాలన్నాడు. కాకతీయుల కాలందా అని అబ్బాయి ఆశగా అడిగితే, ఫొటో చూసి అవుననీ కాదనీ అనలేనన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది.

డ్యూటీ లేని మధ్యాహ్నాలు పెద్దమ్మా నేనూ వాళ్ల వరండాలో కూర్చుని పెచ్చు తీశాం. నూనెకు నాని ఎర్రటి పలుకులుగా లేచేది. ఆమె ఆ పలుకుల్ని పారేయకుండా ఇత్తడి పళ్లెంలో పోగేసి, తులసికోటలో కలిపింది. వెండి నల్లబడి ఇనుము రంగులో కలిసిపోయింది. మెత్తటి గుడ్డతో రుద్దితేనే ఒక్కో ఆకు తేలేది.

వెండి ఊడిపోయిన చోట భూతద్దం పెట్టి చూశాను. తీగ కోసం కాలవ తవ్వి ఉంటారనుకున్నాను. కాదు. అక్కడ అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా వెంట్రుకంత సన్నటి గాట్లు. ఇనుమును అలా గరుకుచేసి, పైన వెండి తీగ పెట్టి కొట్టి అతికించారు. ఒక్కో ఆకు ఒకే తీగను మడిచి చేసింది. ప్రతి ఆకూ తన మొనదగ్గర కొంచెం కుడికి వాలింది. ఆ పని చేసిన చెయ్యి అలవాటు అనుకుంటాను. ఇనుప పట్టీ మీద మాత్రం ఏ నగిషీ లేదు. బాగుచేసినవాళ్లు ఆ ఆకుల మీదే పట్టీ వేసి, బిగించి, వెళ్లిపోయారు. నగిషీ చేసేవాళ్లు అప్పటికి దొరకలేదో, అందం గురించి ఆలోచించే తీరిక లేదో.

పట్టీ కింద కూడా తీగ సాగినట్టు ఎక్స్‌రేలో ఉంది. విరిగిన గీతకు కాస్త పైన, తీగ చివర, ఆకు కానిది ఒకటి కనిపిస్తోంది. గుండ్రటి ఒళ్లు, వంపు తిరిగిన మెడలాంటిది. సారు మామిడిపిందె అంటాడు. నాకు పక్షిలా కనిపిస్తుంది. అబ్బాయి ఇప్పుడు అందరికంటే ఆత్రంగా ఉన్నాడు. తన పెళ్లి పనుల మధ్య కూడా ఒకరోజు మా ఇంటికొచ్చి, రివిట్లు తీసేవాళ్లు హైదరాబాదులో దొరుకుతారట, తీయిద్దామా అక్కా అన్నాడు. పట్టీ తీస్తే కత్తి రెండు ముక్కలవుతుందన్నాను.

పెద్దమ్మ ఆ చోటు ఎక్స్‌రేను ఫిల్ము మీద తీయించి నన్నడిగి తీసుకుంది. ఇంటికి ఎవరొచ్చినా కిటికీ వెలుతురుకు పట్టి, "గిది హంస, మంచిగ సూడున్రి," అంటుంది. వచ్చినవాళ్లు తల పక్కకు వాల్చి చూస్తారు. కొందరికి కనిపిస్తుంది.