డెన్మార్క్ గిన్నె, ఎనిమిది గంటల మోత

మా బామ్మర్ది ఉండే డెన్మార్క్‌లో కొండలు లేవు. అయినా శనివారం వచ్చేసరికి జనమంతా వీపులకు సంచులు తగిలించుకుని, ఎవరో తరుముతున్నట్టు పొలాల వెంట నడుస్తారు. కరోనాకి ముందు ఏడాది నేను వెళితే నన్నూ నడిపించాడు. "బావా, ఇప్పుడు ఎక్కేది ఈ చుట్టుపక్కల అన్నిటికన్నా పెద్ద కొండ" అన్నాడు. బార్లీ చేల మధ్య చాలాసేపు నడిచాక, కొండ ఎప్పుడొస్తుందని అడిగాను. దాటేశామట. రంగూన్‌ పబేడాన్ పేటలో మా ఇంటి మెట్లు దానికంటే ఎత్తు. ఉల్లిపాయల సంచితో వాటిని రోజూ ఎక్కే మా ఆవిడకి ఆ దేశం పతకం బాకీ ఉంది.

కొండకన్నా తేలిక వాళ్ల సరంజామా. బరువంటే వాళ్లకి పామంత భయం. బామ్మర్ది టూత్ బ్రష్ కాడ సగానికి కోసేశాడు. చొక్కా మెడ వెనక లేబుల్ కత్తిరించాడు. నా మేజోళ్లని బంగారంలా తూచి, "రెండో జత దేనికి బావా?" అన్నాడు. డేరా పిడికిట్లో పట్టేది, తుమ్మితే స్వీడన్‌లో తేలేది. వీటన్నిటినీ ఓడించింది నా లుంగీ. దాన్నే కట్టుకున్నాను, తుడుచుకున్నాను, కప్పుకున్నాను. మూడు గోడలే ఉండే చెక్క గుడిసెలో పడుకున్నప్పుడు నాలుగో గోడగా వేలాడదీశాను. తెల్లారి ఆవులొచ్చి, దాన్ని చూసి మర్యాదగా వెనక్కి తగ్గాయి.

వచ్చేటప్పుడు బామ్మర్ది తన టైటానియం గిన్నె బహుమతిగా ఇచ్చాడు. అది చేతిలో ఉందో లేదో పక్కవాణ్ని అడిగి తెలుసుకోవాలి.

తర్వాత కరోనా వచ్చి విమానాలు ఆగాయి. ఆపైన సైన్యం గద్దెనెక్కి ఫోన్లు ఆపింది. దాంతో రంగూన్ రంగూనంతా రాత్రి ఎనిమిదికి వరండాల్లో నిలబడి గిన్నెలు బాదడం మొదలుపెట్టింది. ఇంట్లోంచి దెయ్యాన్ని వెళ్లగొట్టడానికి గిన్నెలు మోగించడం బర్మావాళ్ల పాత ఆచారం. ఈసారి ఏ దెయ్యమని ఎవరూ అడగలేదు.

మొదటి రాత్రి మా వరండా తప్ప వీధంతా మోగింది. మా అమ్మ వంటింటి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"కాళీ గిన్నె వాయిస్తే ఇంట్ల అన్నం పుట్టదురా. కొడితే నా సవం దాటెల్లి కొట్టు."

"బర్మావాళ్లు కొడుతున్నారు గదమ్మా!"

"ఆల గిన్నెలు ఆలిష్టం. నా గిన్నెలు తెలుగోలవి."

పొద్దున్న ఎదురు మేడ ఆంటీ, ఏళ్ల తరబడి మాకు టీ పోసిన బర్మా ఆవిడ, నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఆ రోజుల్లో మోగని ఇల్లంటే సైన్యం వైపు ఇల్లని లెక్క. మా తాత ఓడ దిగి మూటలు మోసిన నాటినుంచీ ఈ వీధివాళ్లమే. ఒక్క రాత్రిలో పరాయివాళ్లమైపోయాం. మా ఆవిడ ఆ పూట టీ ముట్టలేదు.

"ఈ రాత్రి గాని మన ఇల్లు మోగలేదా, నాను ఈదిలో తలెత్తుకోలేను. ఏటి సేస్తారో సెయ్యండి" అంది.

అప్పుడు గుర్తొచ్చింది డెన్మార్క్ గిన్నె! అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇందల అన్నం వొండినావా?"

"ఓట్స్ జావ ఒక్కటే."

"అయితే ఇది గిన్నె కాదు. కొట్టుకో."

ఎనిమిదైంది. వీధి భూకంపంలా లేచింది. నేను పెళ్లికొడుకులా వరండాలోకి వెళ్లి, చెంచాతో ఒక్కటిచ్చాను. టిక్ అంది. భుజం ఊడేలా ఇంకోటిచ్చాను. టిక్ అంది, ఈసారి క్షమించమన్నట్టు. బరువుతో పాటు దాని గొంతు కూడా కోసేసినట్టున్నారు.

ఎదురు వరండాలో ఆంటీ తన డేగిసా ఆపి బర్మీస్‌లో కేకేసింది: "ఏమయ్యా, గుడ్డు పగలగొడుతున్నావా?"

వీధి నవ్వింది. మా ఆవిడ కళ్లొత్తుకుంటూ లోపలికెళ్లిపోయింది.

కోడలి కన్నీళ్లకి తప్ప దేనికీ లొంగని మనిషి మా అమ్మ. లేచి, మంచం కిందినుంచి ఇనపరోలు దొర్లించుకొచ్చింది. వరండాలో బాసింపట్టు వేసి కూర్చుని, పిడికెడు మిరియాలు పోసి, రోకలి అందుకుంది.

"ఏటమ్మా ఇది?"

"మిరియాలు దంచుతన్నాను. రోలు కాళీగా లేదు గదా! ఈ ఏళప్పుడు దంచకూడదని ఎవుడన్నాడు?"

మొదటి దెబ్బకి వరండా ఊచలు వణికాయి. రెండో దెబ్బకి మింగళాడోన్ విమానాశ్రయంలో ఆగి ఉన్న విమానాలు ఉలిక్కిపడ్డాయి. మూడోది ఇన్సేన్ జైలు గోడల లోపలివాళ్లకి కూడా వినబడిందని నేను ప్రమాణం చేస్తాను. మా ఆవిడ పరుగున వచ్చి, ఇంకో రోకలి పట్టి ఎదురుపోటు వేసింది. ఒకరు ఎత్తితే ఒకరు దించడం. వీధంతా కాసేపు చేతులు ఆపి విని, తర్వాత ఆ పోటుకే తన గిన్నెలు కలిపింది.

ఆ వారమంతా మాకు మిరియాల చారే. చారు మీద చారు. నాలుగో రోజుకి మిరియాలు అయిపోతే, ఆంటీ తన వరండాలోంచి అరిచింది: "రేపు మా ఎండుమిరపకాయలు పంపుతాను, దంచిపెట్టండి!"

నేను అమ్మకి తెలుగులో చెప్పి, "వద్దమ్మా, ఆ ఘాటు కిందికి దిగితే వీధి చివర నిలబడ్డ సిపాయిలు తుమ్మి చస్తారు" అన్నాను.

అమ్మ రోట్లో అడుగున మిగిలిన పొడి చేత్తో తుడుస్తూ, "ఓ బస్తా పంపమను" అంది.